చెప్పని తొమ్మిది పీరియడ్లు

పదకొండేళ్ళుగా ఒక వాక్యం నన్ను వదలడం లేదు. నేను అన్నదే. నాలుగైదు మాటలు, అంతే. ఇంతవరకూ మా ఆయనకు కూడా చెప్పలేదు. చెప్పే సందర్భం రాలేదని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. సందర్భాలు వచ్చాయి. నేనే తప్పుకు తిరిగాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలనేమోనని కూర్చున్నాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొచ్చినట్టు అనిపిస్తే, ఆ చోట నన్ను నమ్మకండి.

నేను లెక్కల టీచర్ని. రెండేళ్ళ కిందట రిటైరయ్యాను. ఎక్కువ కాలం పనిచేసింది రాజోలు అవతల, కాలవ గట్టు పక్కన ఉన్న ఒక హైస్కూల్లో. ఊరి పేరు రాయను.

పదో తరగతికి మొదటిరోజు నేను పాఠం చెప్పేదాన్ని కాదు. బోర్డు మధ్యలో నిలువుగా గీత గీసి, ఎడమవైపు ఆ ఏడాది బీజగణితం ఎలా నడుస్తుందో రాసేదాన్ని. బహుపదులు ఎప్పుడు, రెండు చరరాశుల సమీకరణాలు ఎప్పుడు, వర్గ సమీకరణాలు ఎప్పుడు, ఒక్కొక్కదానికి ఎన్ని పీరియడ్లు. కుడివైపు పిల్లల నుంచి నేనేం ఆశిస్తున్నానో రాసేదాన్ని. జవాబు ఒక్కటే రాస్తే మార్కులుండవు, ఎలా వచ్చిందో చూపించాలి. రానిది రాలేదని చెప్పాలి, పక్కవాళ్ళది చూసి రాయకూడదు. అన్నిటికన్నా కింద నా వంతు: ఏ పాఠమూ వదిలిపెట్టను. అదంతా వాళ్ళచేత నోట్సు మొదటి పేజీలో రాయించేదాన్ని. తల్లిదండ్రుల సంతకం కూడా తెమ్మనేదాన్ని. మిగతా టీచర్లు నవ్వేవారు. నాకు మాత్రం అదంటే గర్వం. ఆ గర్వం దొంగది కాదు, నిజంగానే చాలా ఏళ్ళు అలాగే చెప్పాను.

ఆ ఏడాది మేము అమలాపురంలో ఇల్లు కట్టుకుంటున్నాం. మా ఆయన ఉద్యోగం కాకినాడలో. మేస్త్రీతో మాట్లాడాలన్నా, దగ్గరుండి స్లాబు వేయించాలన్నా నేనే వెళ్ళాలి. పదో తరగతి లెక్కల పీరియడు భోజనాల తర్వాత ఉండేది. మధ్యాహ్నం ఒంటిగంట బస్సు పట్టుకుంటే పనివాళ్ళు ఉండగా చేరొచ్చు. మొదట వారానికి ఒకరోజు అనుకున్నాను. తర్వాత రెండు రోజులు. సెప్టెంబరు వచ్చేసరికి పిల్లలే "ఈరోజు బస్సుకి వెళ్తారా మేడమ్ గారూ" అని అడిగేవారు. వాళ్ళ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నా సంచీ బస్సు దాకా మోసుకొచ్చేవారు కూడా.

వర్గ సమీకరణాలకు నేను రాసుకున్నది పన్నెండు పీరియడ్లు. చెప్పింది మూడు. కారణాంక పద్ధతి ఒక్కటి చెప్పి వదిలేశాను. వర్గాన్ని పూర్తిచేసే పద్ధతి, సూత్రం, వాటి మీద వచ్చే మాటల లెక్కలు, ఏవీ చెప్పలేదు. దసరా సెలవుల తర్వాత అన్నీ కలిపి లాగించేద్దాంలే అనుకున్నాను. ఈలోగా పాఠ్య ప్రణాళిక పుస్తకం పూర్తిచేయాలి కదా. ఒక ఆదివారం కూర్చుని మిగతా తొమ్మిది పీరియడ్లూ వరసగా నింపేశాను. తేదీ, చేయించిన కృత్యం, ఇచ్చిన ఇంటిపని. చివరి గడిలో "పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు" అని తొమ్మిదిసార్లు రాశాను. అందరూ రాసేదే కదా అనుకున్నాను.

అందరూ రాస్తారా? ఏమో. ఎవరినీ అడగలేదు.

ఆ తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఇక్కడ ఆమెను ఎస్తేరు అంటాను, అసలు పేరు వేరు. వాళ్ళమ్మ సువార్తమ్మ, ఇదీ మార్చిన పేరే, మా బళ్ళోనే మధ్యాహ్న భోజనం వండేది. తండ్రి లేడు. ఎస్తేరు లెక్కల్లో మామూలు పిల్ల. వెనక నుంచి రెండో బెంచీ. అడిగితే లేచి నిలబడేది, జవాబు చెప్పేది కాదు. పాలిటెక్నిక్‌లో చేరాలని ఉందని ఒకసారి నాతో అంది. "ముందు లెక్కలు సరిగ్గా చెయ్యమ్మా" అన్నాను.

దసరా ముందు పరీక్ష పెట్టారు. పేపరు పైనుంచి వచ్చింది, మేం తయారుచేసింది కాదు. అందులో వర్గాన్ని పూర్తిచేసే పద్ధతిలో సాధించమని ఒక లెక్క ఉంది. తరగతిలో నలభై ఇద్దరు. నలభై ఒక్కమంది దాన్ని వదిలేశారు. ఎస్తేరు రాసింది.

ఆ పేపరు నేను స్టాఫ్ రూములో దిద్దాను. ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఆమె లెక్క మాటలతో మొదలుపెట్టలేదు. పక్కన మార్జిన్‌లో ఒక చదరం గీసింది. దానికి రెండు వైపులా ఒకే వెడల్పున రెండు పట్టీలు అతికించింది. అప్పుడు మూల ఒకటి ఖాళీగా మిగిలింది. ఆ ఖాళీలో చిన్న చదరం చుక్కలతో గీసి, లోపల తొమ్మిది అని వేసింది. ఆ తొమ్మిదిని సమీకరణానికి రెండు వైపులా కలిపి, మెట్టు మెట్టుగా దిగి, రెండు మూలాలూ సరిగ్గా రాబట్టింది. అలాంటి బొమ్మ నేను ఏ తరగతిలోనూ వేయలేదు. పిల్లలు కొనుక్కునే గైడులో లేదు. తరగతిలో ఇంకెవరూ ఆ లెక్క ముట్టుకోనే లేదు, ఇక చూసి రాయడానికి ఎవరిది ఉంది? ఈ పిల్ల పాఠ్యపుస్తకం దగ్గర పెట్టుకుని, తనంతట తాను కుస్తీ పట్టి నేర్చుకుందన్నమాట. పూర్తి మార్కులు వేశాను. ఒళ్ళు పులకరించింది. వెంటనే, ఎందుకో, సిగ్గుగా కూడా అనిపించింది. పేపరు కట్టలో అడుగుకి తోసేశాను.

సెలవుల తర్వాత తనిఖీకి పై అధికారి వచ్చారు. కటువైన మనిషేం కాదు, కానీ చదివి చూసే మనిషి. నా ప్రణాళిక పుస్తకం, పరీక్ష పేపర్లు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు. పన్నెండు పీరియడ్లు చెప్పిన పాఠంలో లెక్క నలభై ఒక్కమంది ఎందుకు వదిలేశారని అడిగారు. ప్రశ్న కష్టంగా ఇచ్చారండి అన్నాను. మరి ఈ అమ్మాయికి ఎలా వచ్చిందన్నారు. పిలిపించమన్నారు.

ఎస్తేరు వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. గదిలో హెడ్మాస్టారు, ఇద్దరు టీచర్లు ఉన్నారు.

"బాగా చేసేవమ్మా. ఎవరు నేర్పేరు?" అన్నారాయన.

"ఎవరూ నేర్పలేదండి. పుస్తకం చూసి నేర్చుకున్నానండి."

"అదేంటి, క్లాసులో చెప్పలేదా?"

ఎస్తేరు నా వైపు చూసింది. ఆ చూపును ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నానో. అందులో నేరం మోపడం లేదు. ఏం చెప్పమంటారండీ అని నన్నే అడుగుతున్నట్టుంది. చెప్పలేదు అనొచ్చు. అనలేదు. చెప్పేరు అని అబద్ధమాడనూ లేదు. పదిహేనేళ్ళ పిల్ల నన్ను కాపాడడానికి చూస్తోందని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. అర్థమయ్యే అన్నాను ఆ మాట.

"దీనికి అంత రాదండి. చూసి రాసుంటుంది."

ఆయన పేపరు మీద నా టిక్కు చూపించారు. "మరి మార్కులు వేసేరే?"

"దిద్దేటప్పుడు గమనించలేదండి."

ఆయన ఎస్తేరు వైపు తిరిగారు. "అంతేనామ్మా? చూసి రాసేవా?"

ఎస్తేరు తల వంచుకుని, "ఆయండి," అంది.

మా వైపు పిల్లలు పెద్దవాళ్ళు ఏమన్నా ఆయండి అనే అంటారు. ఆ మాటకి అవునని అర్థం, సరేనని అర్థం, మీ ఇష్టమని కూడా అర్థం. ఆమె ఏ అర్థంలో అందో నాకు తెలుసు. ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

అంతటితో ఆగలేదు. హెడ్మాస్టారు వంటషెడ్డులోంచి సువార్తమ్మని పిలిపించారు. ఆవిడ కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సంగతి విన్నది. వరండాలో, ఎనిమిదో తరగతి పిల్లలు కిటికీల్లోంచి చూస్తుండగా, కూతుర్ని చెంప మీద కొట్టింది. రెండోసారీ కొట్టింది. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. ఆపలేదు. ఆ లెక్కకి వేసిన మార్కులు ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన సున్నా పెట్టాను. మర్నాడు ప్రార్థనలో పరీక్షల్లో నిజాయితీ గురించి హెడ్మాస్టారు మాట్లాడారు. పేరు చెప్పలేదు. అందరూ వెనక్కి తిరిగి ఎస్తేరునే చూశారు.

నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఎస్తేరు చోట, స్టాఫ్ రూములో నాతో కూర్చుని టీ తాగే వాళ్ళ పిల్ల ఉంటే ఆ మాట నా నోట వచ్చేదా? చర్చి వీధి పిల్ల కాబట్టి, వంట చేసే ఆవిడ కూతురు కాబట్టి, ఎవరూ ఎదురు రారని లోపలెక్కడో లెక్క వేసుకున్నానా? వేసుకోలేదని చెప్పాలని ఉంది. చెప్పలేను.

ఆ తర్వాత ఎస్తేరు బడి మానలేదు. రోజూ వచ్చింది. లెక్కల పీరియడులో నోట్సు తెరిచి నేను రాసింది రాసినట్టు దింపుకునేది. ఒక్క అక్షరం సొంతంగా రాసేది కాదు. నేను తనిఖీ తర్వాత ఆ పాఠం మొత్తం చెప్పాను, ఒక్క పీరియడు పోకుండా చెప్పాను. ఆమె తలెత్తలేదు. పబ్లిక్ పరీక్షలో లెక్కలు అత్తెసరు మార్కులతో పాసయింది. పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షకి దరఖాస్తు చేయలేదు. ఇంటర్లో లెక్కలు లేని గ్రూపు తీసుకుని, ఏడాదికే ఆపేసి, రొయ్యల ప్లాంటులో పనికి చేరింది.

సువార్తమ్మ మాత్రం ఆ తర్వాత కూడా తొమ్మిదేళ్ళు, నేను రిటైరయ్యేదాకా, అదే బళ్ళో వండింది. రోజూ పదకొండింటికి నాకు టీ తెచ్చేది. ఒకసారి గ్లాసు బల్ల మీద పెడుతూ, "మీరు మొదట్లోనే పట్టుకోబట్టి సరిపోయిందండి. లేపోతే ఇంకా చెడిపోయేదండి," అంది. మనస్ఫూర్తిగా అంది. నేను టీ తాగాను. ఆ రోజు నోరు విప్పకపోవడం మొదటి అబద్ధం కన్నా పెద్దదని ఇప్పుడు అనిపిస్తుంది. మొదటిది భయంలో జారింది. ఇది మాత్రం తీరిగ్గా, గ్లాసు ఖాళీ అయ్యేదాకా చేశాను.

పోయిన నెల వాళ్ళింటికి వెళ్ళాను. ఏం జరిగి వెళ్ళానో చెప్పమంటే చెప్పలేను. ఏమీ జరగలేదు. ఉదయం పది గంటలకి రాజోలు సెంటర్లో ఆటో ఎక్కాను, అంతే. సువార్తమ్మ నన్ను చూసి కంగారుగా ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. కాఫీ పెట్టబోతుంటే వద్దన్నాను. కూర్చోమన్నాను. జరిగినదంతా ఇప్పుడు మీకు చెప్పిన వరసలోనే చెప్పాను, ఇల్లు, బస్సు, ప్రణాళిక పుస్తకం, అన్నీ. అయిపోయాక ఆవిడ లేచి, గూట్లోంచి ఫోన్ తీసి, నంబరు నొక్కి నా చేతిలో పెట్టింది.

"చెప్పండి మేడమ్ గారూ," అంది ఎస్తేరు. వెనకాల యంత్రాల మోత.

"ఎస్తేరూ, ఆ రోజు నేను అబద్ధం చెప్పేనమ్మా. నువ్వు చూసి రాయలేదని నాకు తెలుసు. దిద్దిన రోజే తెలుసు."

యంత్రాల మోత దూరమైంది. ఎస్తేరు బయటికి వచ్చినట్టుంది.

"అమ్మకి చెప్పేరా అండి?"

"చెప్పేను. ఇక్కడే ఉంది."

"నమ్మిందా అండి?"

నేను ఫోన్ సువార్తమ్మకిచ్చాను. ఆవిడ దాన్ని రెండు చేతులతో చెవికి ఆన్చుకుంది. అవతలి మాటలు నాకు వినపడలేదు. "నాతో ఒక్క మాట అనొచ్చు కదే," అంది. ఆపై చాలాసేపు విన్నది. "అవునే. చెప్పేవు," అంది. కాసేపటికి మళ్ళీ, చిన్నగా, "ఏడ్చుకుంటా చెప్పేవు. నేనే నమ్మలేదు," అంది. ఫోన్‌తో పెరట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

నేను ఆ కుర్చీలో ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఎవరూ ఉండమనలేదు, పొమ్మనలేదు. చివరికి చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఆ తర్వాత వాళ్ళ నుంచి కబురు లేదు. ఉండాలని అడిగే హక్కు నాకు లేదు. కానీ ఆ ప్రార్థనలో వెనక్కి తిరిగి చూసిన పిల్లలున్నారు. ఇప్పుడు వాళ్ళకి పిల్లలున్నారు, ఉద్యోగాలున్నాయి. వాళ్ళు ఆ అమ్మాయిని ఇంకా అలాగే గుర్తుపెట్టుకుని ఉంటారు. వాళ్ళలో ఎవరికైనా ఇది చేరితే చేరనివ్వండి. ఆ అమ్మాయి చూసి రాయలేదు. ఆ పాఠం నేను చెప్పలేదు. ఈ రెండు ముక్కలూ రాశాక చెయ్యి కాస్త తేలికపడింది. అంతకుమించి ఏమీ కాలేదు.