బక్క అక్షరాల బోర్డు

డెబ్బైల్లో తెనాలి స్టేషన్ దగ్గర నాకు బోర్డులు రాసే కొట్టు ఉండేది. తెలుగు అక్షరం ఒళ్ళంతా గుండ్రం. దాన్ని సన్నగా, పొడుగ్గా, చేతిరాతలా కాస్త ఒరిగేట్టు లాగి, తలకట్టుకి తోక ఎగరేయడం నా సరదా. ‘బక్క అక్షరాలు’ అని వెక్కిరించేవాళ్ళు. అంటే అననీ! బాపట్ల బస్సు నుదుటి మీదా, సినిమా హాలు స్లైడు మీదా, ఇరుకు చోటల్లా అవే పట్టేవి.

ఒకరోజు గుంటూరు ఆసుపత్రిలో భర్తను చూసి రేపల్లె వెళ్తూ, బండి మారడానికి దిగిన ఒకావిడ నా దగ్గరికొచ్చింది. రేపల్లెలో వాళ్ళది రెండు షాపుల మధ్య ఇరుక్కున్న కిళ్ళీకొట్టు.

“కొట్టు అమ్మేస్తానేమోనని ఆయనకి ఒకటే బెంగ అన్నయ్యగారూ. ఆదివారం ఇంటికి తీసుకొస్తున్నా. దిగేసరికి కొట్టు మీద ఆయన పేరు కనబడాలండి.”

“పేరేంటమ్మా?”

మొగుడి పేరు నోటితో అంటుందా! పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, “ఏడుకొండలవాడి పేరేనండి” అంది. అర్థమైందిలే అన్నాను. ఆవిడ బండి అందుకోవాలని పరిగెత్తింది.

ఆదివారం పొద్దున్నే రేపల్లె వెళ్ళి బోర్డు బిగించాను. చివరి మేకు కొడుతుండగా వాళ్ళ రిక్షా వచ్చింది. ఆవిడ బోర్డుకేసి చూసి మురిసిపోయింది. చదవడం రాదు పాపం. ఆయనకి వచ్చు. చదివి, రిక్షా దిగి, “అమ్మేశావన్నమాట” అని, వచ్చిన దారినే నెమ్మదిగా నడక మొదలుపెట్టాడు.

ఏడుకొండలవాడికి పేర్లు ఒకటా రెండా! ఆయనది ఒకటైతే నేను ఇంకోటి రాశాను. సుత్తి పక్కన పెట్టి గబగబా కిందికి దిగాను.

“ఏమండీ! ఏమండీ!” అని ఆవిడ కేకపెట్టింది. బజారులో సగంమంది మగాళ్ళు తిరిగి చూశారు, ఆయన తప్ప. అప్పుడింక సిగ్గూ ఎగ్గూ మరిచి, ఆయన పేరు పెట్టి గొంతెత్తి పిలిచింది.

ఆయన ఆగాడు. వెనక్కొచ్చాడు. పొరపాటు నాదేనండీ అని నేనేదో చెప్పబోయాను. వింటేగా! ఆవిడనే చూస్తూ, “మళ్ళీ అను” అన్నాడు.

ఆవిడ తల వంచుకుని, బోర్డు వైపు చెయ్యి చూపించింది.

“అన్నయ్యగారు రాస్తారు. చదువుకోండి.”