అమ్మమ్మ వడ్లను చంపిన సాక్ష్యం

ఆ వయసులో నాకొచ్చే కోపమంతా పరిశుద్ధమైనదేనని గట్టిగా నమ్మేవాణ్ణి. వ్యవసాయ డిప్లొమా చేతికొచ్చిన కొత్త, మా చర్చి సంఘంలో యువజనుల కార్యదర్శి పదవి, పైగా పెద్ద గొంతు. వీటిలో ఒక్కటి చాలు మనిషి చెడిపోవడానికి, నాకు మూడూ ఉన్నాయి. హుకుంపేట దగ్గర కొండ వరి రకాలు సేకరించే కేంద్రంలో ఉద్యోగం. ఊరూరా తిరిగి గుప్పెడేసి వడ్లు తేవడం, తడి కాగితం మీద వంద గింజలు పేర్చి ఎన్ని మొలిచాయో రాయడం నా పని.

మా సంఘంలోనే నాకు అమ్మమ్మ వరసయ్యే ముసలావిడ ఉండేది. వాన మొహం చాటేసినా మెట్ట పొలంలో నిలబడే ఎర్ర వడ్లు ఆవిడ దగ్గరుండేవి. చుట్టుపక్కల వాళ్లు ఏటా ఆవిడ బుట్టలోంచే విత్తనం తీసుకెళ్లేవారు. ఆవిడకున్న గొప్పంతా అదే. కోతైన వారానికే వెళ్లి అడిగాను. "ఇప్పుడే ఏటికిరా? తొంగోనీ దాన్ని. ఎండలకి లెగుస్తాది" అంది. (చదువుకున్నవాడి చెవికి ఇలాంటివి ఎక్కవు.) తెచ్చి పరీక్ష పెట్టి పది రోజులు చూశాను. వందకు నాలుగు మొలిచాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. సంఘానికి పెద్దదిక్కులాంటి మనిషి పనికిరాని వడ్లు అంటగడుతుందా! ఆ ఆదివారం కోతల పండుగ ఆరాధన. సాక్ష్యాల సమయంలో మైకు పట్టుకుని, క్రియల్లేని విశ్వాసం దగ్గర మొదలుపెట్టి, ఎటు పోతున్నానో నాకే తెలియకుండా, "మన మధ్యనే ఉన్న ఒక అమ్మమ్మ విత్తనం పైకి ఎర్రగా నిగనిగలాడుతుంది, లోపల ప్రాణం లేదు" అనేశాను.

ఆడవాళ్ల వరసలోంచి ఆవిడ లేచింది. "ఏటిరా గుంటడా, నా ఇత్తనం సచ్చిపోనాదంటావా? నీ తాత, నీ బాబు దీని గంజి తాగే బతికినారు. నీకెవుడిచ్చినాడ్రా ఆ ఉజ్జోగం?"

పాస్టరుగారు గబగబా పాట ఎత్తుకున్నారు. అందరూ పాడారు గానీ, బయటికొచ్చాక నా మాటే నమ్మారు. డిప్లొమా కదా. విత్తనానికి ముందే చెప్పుకున్నవాళ్లు కూడా ఈ ఏడాదికి సంచుల్లో వచ్చే కంపెనీ విత్తనం చూసుకుంటామన్నారు. ఆవిడ గుమ్మం తొక్కినవాళ్లు లేరు.

ఆ వారమే మా కేంద్రంలోని మేడమ్ నా రిపోర్టు చూసి కళ్లద్దాలు తీసేసింది. "కొత్తగా కోసిన వడ్లకు నిద్రావస్థ ఉంటుందయ్యా. క్లాసులో చెప్పలేదా?" (చెప్పే ఉంటారు. ఆ వారం నేను యువజన కూడికలో ఉన్నాను.) మిగిలిన గింజల్ని ఐదు రోజులు ఓవెన్‌లో ఎండపాటి వేడిలో ఉంచి మళ్లీ పరీక్ష పెట్టించింది. దాదాపు అన్నీ మొలిచాయి. మేడమ్‌కు పట్టరాని సంతోషం. "తుపాను వానకు కంకి మీదే మొలకొచ్చి పాడైపోయే రకాలున్నాయి చూడు, వాటిలో ఈ గుణమే లేదు. ఇంత గాఢంగా నిద్రపోయేది, పైగా కరువుకు తట్టుకునేది! ఏ జన్యువుల వల్లో తేల్చాలి. ఇంకో శేరు పట్టుకురా."

ఇంత జరిగినా నా కోపం ఆవిడ మీదే. తొంగోవడమేమిటి, నిద్రావస్థ అని సరైన మాట చెప్పొచ్చుగా!

వెళ్లి అడిగాను. ఆవిడ చేట పక్కన పెట్టింది. "ఇత్తాను. నలుగురిలో సంపినోడివి, నలుగురిలోనే బతికించు."

తర్వాతి ఆదివారం మొలకల పళ్లెం పట్టుకుని ముందు నిలబడి, తప్పు నాదేనని గొణిగాను. "మైకులో సెప్రా, ఎనక్కి ఇనబడ్డం లేదు" అని వెనక నుంచి ఆవిడే. మైకులో చెప్పాను. పళ్లెం వరసలన్నీ తిరిగింది. ఆరాధన కాగానే నాకంటే ముందే అయిదారుగురు ఆవిడ వెంట ఇంటిదాకా నడిచారు, తమ విత్తనం మాట మళ్లీ చెప్పుకోవడానికి.

వాళ్లందరి తర్వాత నా వంతొచ్చింది. శేరు వడ్లు సంచిలో పోసి, నా నెత్తిన చెయ్యి పెట్టి, అందరి ముందూ ప్రార్థన ఎత్తుకుంది. "ప్రెబువా, ఈ గుంటడు ఇంకా పచ్చిగున్నాడు. ఈడికి కూడా కొంచెం టైమియ్యి తండ్రీ."

కళ్లు మూసుకునే ఉడికిపోయాను. ఆమేన్ పళ్ల మధ్య నుంచి వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ ఆమేన్ ఇంకాస్త గట్టిగా అని ఉండాల్సింది అనిపిస్తుంది. ఆవిడ అడిగిపెట్టిన ఆ టైములోనే ఇంకా బతుకుతున్నాను.