బానెట్‌లో తల, వెనకాల సింహం

మాది నరసరావుపేట. మా ఆయన ముప్పై ఏళ్లుగా లారీ మెకానిక్. పోయిన వేసవి సెలవుల్లో మా అమ్మాయి మమ్మల్ని కెన్యా అడవులు చూపించడానికి తీసుకెళ్లింది.

చెట్టుకింద పడుకున్న సింహానికి కాస్త దూరంలో జీపు ఆపి, ఎవరూ కిందికి దిగొద్దన్నాడు డ్రైవరు. అందరం ఫోన్లు తీశాం. మా ఆయన మాత్రం ఇంజను చప్పుడు బాగాలేదని గొణుగుతూ కూర్చున్నాడు. తీరా బయల్దేరబోతే జీపు స్టార్ట్ కాలేదు.

"బ్యాటరీ వైరు లూజయిందే!" అంటూ ఈయన ఒక్క దూకు దూకి బానెట్ ఎత్తేశాడు.

సింహం లేచి నిలబడింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏమయ్యో, సింహం లేచింది!" అన్నాను.

"ఏందే నీ గోల? ఒక్క నిమిషం ఆగమను," అన్నాడు తల ఎత్తకుండానే.

వైరు బిగించి, బానెట్ మూసి, ప్యాంటుకు చేతులు తుడుచుకుంటూ తాపీగా ఎక్కాడు. జీపు కదిలాకగానీ నాకు ఊపిరాడలేదు.

ఊరికొచ్చాక షెడ్డు దగ్గర అందరూ "సింహం ఎట్టుంది మావా?" అని అడిగారు.

"చూళ్లేదురా. బండి మాత్రం చానా మంచిది, సర్వీసింగే లేదు."

అంత దూరం వెళ్లి ఈయన సింహాన్ని చూడలేదు. సింహం మాత్రం ఈయన్ని తనివితీరా చూసింది.