పిళ్ళప్ప బస్సుకు పెట్టిన ముక్కు

రేకుల పని చేసే పిళ్ళప్పంత భయస్తుణ్ణి చింతామణి ఊళ్ళో ఇంకొకణ్ణి చూపించండి, ఈ కథ ఇక్కడే ఆపేస్తాను. కిరసనాయిలు బుడ్డికి మాటు వేసి ఇచ్చాక, దాన్ని పట్టుకుపోయే మనిషి సందు మలుపు తిరిగేదాకా కళ్ళప్పగించి చూసేవాడు, కారుతోందని ఎక్కడ వెనక్కి వస్తాడోనని. ఇరవై ఏళ్ళలో అలా వచ్చినవాళ్ళు ముగ్గురో నలుగురో. అయినా చూడ్డం మానితేనా మహానుభావుడు!

పుట్టింది మురుగమల్లలో, సేద్యం చేసుకునే ఇంట్లో. ముగ్గురు అన్నదమ్ముల్లో కడపటివాడు. ఉన్న చేను ముగ్గురికీ చాలదని తేలిపోయాక, దర్గా దగ్గర దీపాలూ గరాటులూ చేసి అమ్ముకునే ఒక సాయిబు దగ్గర చేరి పని నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక చింతామణి వచ్చి, నరసింహప్ప బస్సు షెడ్డు ముందర చూరు కింద కాస్త తావు చూసుకుని కుంపటి పెట్టాడు. బస్సెక్కేవాళ్ళంతా అక్కడే నిలబడాలి కాబట్టి చిల్లుపడ్డ బిందెలూ, మూత ఊడిన డబ్బాలూ వెతుక్కుంటూ ఆయన ముందరికే వచ్చేవి. ఆ తావు పోతే పిళ్ళప్ప బతుకు లేదు. ఈ సంగతి ఆయనకూ తెలుసు, నరసింహప్పకూ తెలుసు. నరసింహప్ప ఏనాడూ బాడుగ అడగలేదు. అడగనివాడు ఏ రోజైనా లెమ్మంటాడేమోనని పిళ్ళప్పకు అదొక దిగులు.

నరసింహప్పకు ఉన్నది ఒకటే బస్సు. చింతామణి నుంచి బాగేపల్లికి పోయి వచ్చేది. ఇంజను యుద్ధం నాటిది. ఊరు దాటి ఆరు మైళ్ళు పోయాక ఒక మిట్ట ఉంది. దాన్ని ఎక్కేసరికి నీళ్ళు కుతకుతమని మరిగి ముందర నుంచి ఆవిరి చిమ్మేది. జనం దిగి, పక్క చేలోని బావి నుంచి నీళ్ళు మోసుకొచ్చి పోసి, అది చల్లారేదాకా రోడ్డు పక్కన కూచోవాలి. ఇలా ఉండగా అరవై రెండో సంవత్సరంలో నరసింహప్ప బెంగళూరు పోయి, ఎవరో షోకిలా పందేలకు తోలే కారును చూసి వచ్చాడు.

"పిళ్ళప్పా, దాని బానెట్టు మీద ముక్కు మాదిరి ఒకటి లేపినారప్పా. ముందరికి తెరుచుకోనుండాది. బండి పోతాంటే గాలంతా దాంట్లో దూరి ఇంజను మీద పడ్తాదంట. మన బస్సుకూ అట్లాంటిది చెయ్యి."

"నేనా? నేను బుడ్లు చేసేవాణ్ణి కదప్పా!"

"అదీ రేకే కదా."

"బానెట్టు కొయ్యల్లప్పా. ఒకసారి కోసినాక మళ్ళా కుట్టేదానికి అదేమన్నా గుడ్డనా?"

"చెడిపోతే ఏముండాది? కుంపటి ఎత్తుకొని ఇంకో తావు చూసుకుంటావు, అంతే కదా!" అని నరసింహప్ప పెద్దగా నవ్వాడు. పిళ్ళప్ప మాత్రం చూరు కింది కుంపటి వైపు చూసుకున్నాడు.

ఇంటికి పోయి అంజనమ్మతో చెప్పుకున్నాడు. ఆమె రాగులు విసురుతూ వింది. "చేతకాదని ఆడ్నే చెప్పుంటే అయిపోయుండు కదా. నలుగురి ముందర నీకు నోరు పెగల్దు. ఇంట్లో నా దగ్గర మాత్రం గొణుగుతాంటావు," అంది. పెళ్ళయిన నాటి నుంచి ఆమె అంటున్న మాటే.

తొమ్మిది రోజులు అట్టముక్కలు కత్తిరించి కొలతలు చూసుకున్నాడు. మందం రేకు తెచ్చి, వంచి, అంచులు మడిచి, ముక్కు తయారు చేశాడు. పదో రోజు పొద్దున బానెట్టు మీద సుద్దతో గీత గీసి ఉలి ఆనించాడు. సుత్తి పైకెత్తిన చెయ్యి అలాగే నిలబడిపోయింది. డ్రైవరు లక్ష్మణప్ప బీడీ కాలుస్తూ, "కొట్టప్పా, అదేమన్నా అరుస్తాదా?" అని ఎగతాళి చేశాడు. కొట్టాడు పాపం. రేకు తెగిన చప్పుడుకు తన ఒళ్ళే తెగినట్లు ఉలిక్కిపడ్డాడు. మధ్యాహ్నానికి రివిట్లు కొట్టి ముక్కు నిలబెట్టాడు. ఆకో పుల్లో లోపల పడకూడదని దాని మూతికి సన్నటి ఇనుప జల్లెడ కూడా బిగించాడు. నరసింహప్ప వచ్చి వేలితో దాన్ని తట్టి, "ఇదేమిట్కి? జల్లెడ పెడితే గాలి యాడ దూరుతాది? తీసెయ్యి," అన్నాడు. తీస్తే ఏమవుతుందో చెప్పాలని పిళ్ళప్ప నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. తీసేశాడు.

మరుసటి రోజు బస్సు బయలుదేరేటప్పుడు నరసింహప్ప, "పని చేసినవాడు ముందర కూచోవల్ల," అని ఆయన్ను డ్రైవరు పక్కన ఎక్కించి, తాను వెనక సీట్లో కూచున్నాడు. పిళ్ళప్ప రెండు చేతులూ మోకాళ్ళ సందున పెట్టుకుని ముక్కును తప్ప ఇంకేమీ చూడలేదు. రివిటు ఊడుతుందేమో, ముక్కు ఎగిరిపోయి అద్దానికి తగులుతుందేమో! మైలురాళ్ళు లెక్కపెట్టాడు. మిట్ట వచ్చింది. బస్సు మూలుగుతూ ఎక్కింది, ఎక్కింది, పైకి చేరింది. ఆవిరి లేదు, ఏమీ లేదు! బస్సులో జనమంతా కేకలు వేశారు. "భలే మొనగాడివప్పా!" అని లక్ష్మణప్ప ఆయన తొడ మీద చరిచాడు. పిళ్ళప్ప కళ్ళు మాత్రం ఇంకా ఆ రివిట్ల మీదే ఉన్నాయి.

మిట్ట దిగగానే, ఎండిన వాగులాంటి వంక పక్కన, రోడ్డు మీద ఉలవ చెట్లు పరిచి ఉన్నాయి. మన పక్క ఉలవలు కోశాక అందరూ చేసేదే కదా. బస్సు చక్రాలు తొక్కిపోతే సగం నూర్పిడి అయిపోతుంది. రామలక్ష్మమ్మ అనే ముసలామె రోడ్డు పక్కన నిలబడి, "మెల్లగా తొక్కుకొని పో నాయనా!" అని చెయ్యి ఊపింది. లక్ష్మణప్ప ఎప్పటిలాగే తొక్కించాడు. ఎండిన ఆకూ పొట్టూ గుప్పున లేచింది. ఆ పొట్టంతా ముక్కు పుటంలోకి పీల్చుకుపోతుండడం పిళ్ళప్ప కళ్ళారా చూశాడు. లోపల పొగగొట్టం ఎర్రగా కాలి ఉంటుంది. రోజంతా కుంపటి ముందర బతికే మనిషికి ఆ వాసన ఇంకొకరు చెప్పాలా?

"ఆపప్పా! ఆపు! నిప్పు!"

బస్సు ఆగింది. బానెట్టు సందుల్లోంచి పొగ. జనం ఒకరి మీద ఒకరు పడి దిగారు. పిళ్ళప్ప కాలుతున్న బానెట్టును వట్టి చేత్తోనే ఎత్తి, రోడ్డు పక్క మన్ను దోసిళ్ళతో తెచ్చి పోశాడు. లక్ష్మణప్ప గోనెసంచితో కొట్టాడు. నాలుగు వైర్లు కాలాయి, ఇంజనుకు ఏమీ కాలేదు. జనంలో ఎవరికీ దెబ్బ తగల్లేదు.

అప్పుడు నరసింహప్ప దిగి వచ్చాడు. నేరుగా ముసలామె మీదికి పోయాడు. "రోడ్డేమన్నా మీ కల్లమా? నలభై మందిని కాల్చి చంపుతాంటివి కదే! యాయ్, ఈ ఉలవలన్నీ వంకలోకి తొయ్యండిరా!" ఇద్దరు ముగ్గురు కాళ్ళతో తొయ్యడం మొదలుపెట్టారు కూడా. రామలక్ష్మమ్మ వాళ్ళ కాళ్ళకు అడ్డం పడి, "ఇది పోతే ఏం తినల్ల నాయనా, ప్రతి ఏడూ పరుస్తాండామే," అని ఏడ్చింది.

పిళ్ళప్ప బస్సు వెనకాల నిలబడి కాలిన అరచేతిని ఊదుకుంటున్నాడు. ఆయన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. తప్పు ముసలామెది అయిపోయింది, తావు భద్రం. ఊరకుంటే చాలు. ఊరకుండడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. కానీ ఆ ఉలవలు వంకలోకి జారుతున్న చప్పుడు ఆయనకు భరించరానిదయింది.

"ఆయమ్మ తప్పు లేదప్పా," అన్నాడు. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాడు: "తప్పు నాది! ప్రతి ఏడూ ఈ ఉలవల మీదనే పోతాండాము, ఏనాడన్నా కాలిందా? ఈ ఏడు నేను కోసిన బొక్క ఒకటే కొత్తది. జల్లెడ లేకుండా పెట్టింది నేను."

జల్లెడ అనేసరికి నరసింహప్ప మొహం నల్లబడింది. తీసెయ్యమన్నది ఎవరో ఆ ఇద్దరికే తెలుసు. ఆ సంగతి మాత్రం పిళ్ళప్ప బయటపెట్టలేదు. ఉలవలు తోసేవాళ్ళు ఆగిపోయారు. నరసింహప్ప బస్సు వైపు తిరిగి, "రేపట్నించి నా షెడ్డు ముందర కనపడొద్దు," అన్నాడు.

రామలక్ష్మమ్మ చెదిరిన ఉలవలు దగ్గరికి చేర్చుకుంటూ, "నీ పాడు చేతులకు పనే దొరకలేదా, ముండమోపి ఉలవలే దొరికినాయా!" అని పిళ్ళప్పనే తిట్టింది. "అవునమ్మా," అని ఆయన తలవంచుకున్నాడు.

ఏడు మైళ్ళు నడిచి ఇల్లు చేరాడు. అంజనమ్మకు ఎలా చెప్పాలా అన్న దిగులుతో గడప దగ్గరే నిలబడ్డాడు. చివరికి ఒక్క గుక్కలో అంతా చెప్పేశాడు. తావు పోయిందన్న మాటకు ఆమె గొంతెత్తుతుందని కళ్ళు మూసుకున్నాడు.

"తప్పు నీదని నువ్వే చెప్పినావా?" అంది.

"నేనే."

"అంతమంది ముందరా? ఆ నరసింహప్ప ముందరా?"

"ఊఁ."

ఆమె ఆయన మొహంలోకి కొత్తమనిషిని చూసినట్లు చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లోపలికి పోయి, ఆముదం తెచ్చి ఆ అరచేతికి రాసింది. తెల్లవారాక ఇద్దరూ షెడ్డు దగ్గరికి పోయారు. పిళ్ళప్ప కుంపటి ఎత్తుకోబోతే అంజనమ్మ ఎత్తుకోనివ్వలేదు. తానే నెత్తిన పెట్టుకుని, బస్సు కోసం నిలబడ్డ జనం మధ్యనుంచి తల పైకెత్తుకుని కొత్త తావు కోసం, సంత జరిగే బయలు వైపు ముందు నడిచింది.