భూమి తాగిందే వానన్న సర్పంచ్

మా ఊరి సర్పంచ్ కోటయ్య గారు సోమవారం పొద్దున తన కందిచేలో కన్నుమూశారు. తెల్లవారుజామున పడిన జల్లు మట్టిలోకి ఎంత దిగిందో చూడబోయి, గునపం చేతిలో ఉండగానే ఒరిగిపోయారు. కారంపూడి బస్టాండులో ఆ కబురు విని నమ్మలేకపోయాను. ముందురోజు అక్కడే, "మబ్బు పట్టింది. ఇది మన ఊరిదేనంటావా?" అని నన్నడిగిన మనిషి.

ఆ ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. మా వైపు మబ్బు ఒక ఊరిని తడిపి పక్క ఊరిని వదిలేస్తుంది. సర్కారు వాన కొలిచేది మాత్రం మండల కేంద్రంలో, ఒక్కచోటే. అక్కడ కురిస్తే మాకూ కురిసినట్టే. అందుకే కిందటేడు మా ఊరు కరువు జాబితాకు ఎక్కలేదు, పశువులకు మేత రాలేదు. సగం కొట్టాలు ఖాళీ అయ్యాయి. తన ఎడ్లను సంతకు తోలిన రోజు కోటయ్య గారు అన్నం ముట్టలేదని ఆయన భార్య చెప్పింది.

ఇక పంచాయతీయే వాన కొలవాలని ఆయన పట్టుబట్టారు. నేల నానిన లోతును మా రైతులు పదును అంటారు. వాన పడ్డప్పుడల్లా మూడు చేలల్లో తవ్వి చూసి, "ఆషాఢంలో జానెడు పదును, శ్రావణంలో బెత్తెడు" అని తీర్మానం రాసి మండలాఫీసుకు పంపారు. మిల్లీమీటర్లలో తెలపాలంటూ అది తిరిగొచ్చింది.

ఆయిలింజన్లు బాగుచేసే వార్డు మెంబరు మస్తాన్ నవ్వాడు. "బాబాయ్, మన జానెడు ఆళ్ళ స్కేలు మీద లేదంట!"

"ఒరేయ్ మస్తానూ, ఆళ్ళ గాజుగొట్టంలో ఇత్తనం మొలుస్తదంట్రా? భూమి తాగిందే వాన. మిగతాదంతా చప్పుడే."

రెండోసారి తనే పట్టుకెళ్తే, "ఎవరి జాన?" అని అక్కడివాళ్ళు అడిగారు. "నాదేనండీ" అని చెయ్యి చాపి చూపించారట! ఆఫీసంతా నవ్వింది. పొరపాటు తనదేనని ఒప్పుకొని, ఊరికొచ్చి మస్తాన్ చేత ఇనుపకడ్డీకి స్కేలు ప్రకారం గాట్లు పెట్టించారు. ఆ కొలతలతో మూడో తీర్మానం వెళ్ళింది.

గట్టు తగాదాలో అరిచే గొంతులు మా ఊళ్ళో చాలా ఉన్నాయి. నవ్వులపాలై వచ్చి మర్నాడే మళ్ళీ కాగితం పట్టుకొని బయలుదేరే మనిషి ఆయనొక్కరే. ఆ ఓర్పుకు చేతులెత్తి మొక్కుతున్నాను.

ఈ ఏటి కరువు జాబితా ఇంకా తయారవుతోందట. వాన పడిందో లేదో చెప్పే హక్కు పంచాయతీకి ఉందా అన్న మాటకు పైనుంచి జవాబు రాలేదు. మిగిలిన గొడ్లకు మేత పుష్యమాసం దాకా కూడా చాలదు.