భుజం తడితే చూసే పిల్ల

మా బిడ్డ ఒకటో తరగతిలో ఉన్నప్పుడు రామన్నపేట బడిలో పంతులమ్మ నన్ను పిలిపించింది. "మీ పాప కిటికీ దిక్కు చూసుకుంట కూసుంటదమ్మా. పిలిస్తే పలుకది. ఒకసారి దవాఖానల చూపియ్యండి" అంది. నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో దాని నోరు మూయించలేక చస్తుంటే ఇక్కడ పలకదట! కోపం దిగాక భయం పట్టుకుంది.

నల్లగొండలో పిల్లల డాక్టరు దాన్ని నవ్వించి, ఆడించి, వంగి కళ్ళలోకి చూసి, మెదడు పరీక్ష రాశాడు. తలకు తీగలు అంటిస్తే మెదడులో పుట్టే తరంగాలు గీతలుగా కనిపిస్తాయట. నొప్పేమీ ఉండదు, తలంటి పోసి నూనె లేకుండా తీసుకురమ్మన్నాడు.

పరీక్ష రోజు పొద్దున తలంటి పోసి, జుట్టు ఆరబెట్టి, చీర మార్చుకోవడానికి లోపలికి పోయాను. వచ్చేసరికి మా అత్తమ్మ దాని తలకు రుమాలు కట్టి సిద్ధంగా కూర్చోబెట్టింది. చలిగాలికేమో అనుకున్నాను. బస్సులో రుమాలు జారితే ఏముంది, తలంతా ఆముదం!

"నెత్తికి తీగలు పెడుతరంటివి. వేడి జేయదా? జర చల్లగుంటదని రాసిన" అంది అత్తమ్మ.

"నూనె వద్దన్నరని నెత్తీనోరు కొట్టుకున్న గదా అత్తమ్మా!" అని అరిచాను. బస్సంతా మావైపే చూసింది.

దవాఖాన నల్లా దగ్గర అత్తమ్మే షాంపూ పెట్టి రుద్దింది. ఆముదం ఒక పట్టాన వదిలితేగా! "నా తల్లికి ఏం గావద్దు, ఏం గావద్దు" అని గొణుగుతూ తన కొంగుతో జుట్టు తుడుస్తుంటే నా కోపం ఎటు పోయిందో. బిడ్డ అలసిపోయి, తీగలు పెట్టగానే నిద్రపోయింది. చిన్న తల నిండా ఆ తీగలు చూసి నాకు ఏడుపు ఆగలేదు.

"గీతలల్ల జర తేడా ఉంది" అన్నాడు డాక్టరు. అప్పుడే నిద్ర లేచిన బిడ్డను ఒళ్ళో గట్టిగా పట్టుకున్నాను.

"ఫిట్సా సార్? గోలీలు మింగాల్నా?"

"ఆగమ్మా. పలుకనప్పుడు భుజం తట్టి చూసినవా?"

"తడితే చూస్తది సార్. 'ఏందమ్మా' అంటది."

"ఎన్నడన్న పడిపోయిందా? కాళ్ళుచేతులు కొట్టుకున్నయా?"

"లేదు సార్."

"అయితే ఉట్టి పరధ్యానమే. ఏ రోగం లేని పిల్లలల్ల గూడ కొందరికి గిట్ల గీతలు వస్తయి. తడితే చూస్తున్నది గదా, ఏం గాలే. గోలీలు వద్దు. కొత్తగ ఏమన్న కనిపిస్తే తీస్కరాండ్రి. ఫికర్ చేయకు." బిడ్డ నా ఒళ్ళో కూర్చుని అన్నీ వింటోంది.

అత్తమ్మ మనసు అక్కడే కుదుటపడింది. నాకే పడలేదు. తింటూ ఒక్క క్షణం ఆగితే పిలుస్తాను, బొమ్మతో ఆడుతుంటే పిలుస్తాను. బడికి తప్ప వాకిలి దాటనివ్వను. మొదట్లో "ఆఁ అమ్మా" అనేది, తర్వాత "ఉన్న, ఉన్న!" అని విసుక్కునేది. "పిల్లను తిననియ్యవు, ఆడనియ్యవు. గంతగనం ఏం చూస్తవే?" అని అత్తమ్మ తిట్టినా నా కళ్ళు దాన్ని వదల్లేదు.

ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి, గడప మీద చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నాను. నా ధ్యాసంతా ఆ గీతల మీదే. రేపు బడిలో పడిపోతే? ఇంతలో భుజం మీద చిన్న చెయ్యి తట్టింది.

"ఏంది బిడ్డా?"

"పాలన్ని పొంగిపోయినయ్. ఎన్నిసార్లు పిలిచిన్నో! నువ్వు పలుకుతనే లేవు."

అది వంగి, డాక్టరు దాన్ని చూసినట్టే నా కళ్ళలోకి చూసింది. "తడితే చూసినవు గదా, ఏం గాలే. గోలీలు వద్దు. ఫికర్ చేయకు."

దాన్ని ఒళ్ళోకి లాక్కుని నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. అత్తమ్మ మళ్ళీ పెట్టినట్టుంది, తలంతా ఆముదం వాసన. ఆ సాయంత్రం దాన్ని వీధిలోకి ఆడుకోవడానికి పంపాను. వెళ్ళి చాలాసేపయింది. పేరు నోటిదాకా వచ్చింది కానీ పిలవలేదు.