గ్రీసు పడవలో వదినగారికి చోటు

గ్రీసు దీవుల మధ్య తెరచాప పడవలో పది రోజులు, ఏ తొందరా లేకుండా, నోరు మూసుకుని తిరిగిరావాలని నేనూ మా అమ్మాయి కూతురూ ఆరు నెలలుగా ప్లాన్ వేస్తున్నాం. ఈ రోజు తాడేపల్లిగూడెం నుంచి మా కోడలి తల్లి ఫోన్ చేశారు. సంగతి చెప్పి, మర్యాదకి, "మీరూ రాకూడదాండీ వదినగారూ?" అన్నాను. మన వైపు ఇలా అడగాలి, అవతలివాళ్ళు "ఎందుకులెండి, మీరు వెళ్ళిరండి" అనాలి. నా ఎరుకలో ఈ పద్ధతి ఎన్నడూ తప్పలేదు.

"మీరంతగా పిలిచాక రాననడం బాగుండదండీ. పాస్‌పోర్టు కూడా ఉంది" అన్నారావిడ.

మనవరాలు తల పట్టుకుంది. "పడవలో మనకున్నది ఒక్కటే గది అమ్మమ్మా. నేను పైన డెక్కు మీద పడుకుంటాలే, మీరిద్దరూ అందులో సర్దుకోండి."

"మధ్యలో ఏదో ఒక దీవిలో నన్ను దింపేస్తారేమో కనుక్కో" అన్నాను.

పోయినసారి గూడెంలో రైలెక్కగానే ఆవిడ తన మోకాలి ఆపరేషన్ కథ మొదలుపెడితే, ఏలూరులో దిగేసరికి సగమే అయింది. మిగతా సగానికి ఇప్పుడు సముద్రమంతా దొరికింది.

పిలిచిన పిలుపును మర్యాద చెడకుండా వెనక్కి తీసుకున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే త్వరగా చెప్పండి. ఆవిడ అప్పుడే ఎక్స్‌రేలు సర్దుతున్నారట.